ఆంగ్ల పదములలో ‘అల్’

ఆంగ్ల నిఘంటువులో మొదటి అక్షరము ‘ఏ’, రెండవ అక్షరము ‘ఎల్’ గా గల పుటలను తిరుగవేసినచో ఒక చిత్రమైన సమావేశము కనిపించును. ఆల్జీబ్రా, ఆల్కలీ, ఆల్కహాలు, ఆల్కెమీ, అల్గారిథమ్, ఆల్కోవ్ – గణితము, రసాయన శాస్త్రము, గృహనిర్మాణము మొదలైన వేరువేరు రంగములకు చెందిన మాటలు ఒకే ముఖముతో వరుసగా నిలిచియుండును. మన విద్యార్థులు వీటి వర్ణక్రమమును వల్లెవేయుదురు; పరీక్షలో తప్పులేకుండ వ్రాయుదురు. కాని ఇన్ని మాటల తలపై అవే రెండక్షరములు ఎందుకున్నవని అడుగువారు అరుదు.

ఆంగ్లము మనకు పరాయి భాష అనియు, అందలి శాస్త్రపదములు మరింత పరాయివనియు ఒక భయము మన విద్యార్థులలో పాతుకొనియున్నది. ఉర్దూ మాధ్యమమున చదివి వచ్చినవారికిని, తెలుగు మాధ్యమమున చదివి వచ్చినవారికిని ఈ భయము సమానమే. ఆ రెండక్షరముల చరిత్ర తెలిసికొన్నచో ఆ భయములో కొంత తొలగునని మా నమ్మకము. అదే సమయమున తొందరపడి గొప్పలు చెప్పుకొను అలవాటుకు కూడ అది కళ్లెము వేయును. ఈ రెండు ప్రయోజనములను ఉద్దేశించియే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

అరబ్బీలో ‘అల్’ అనునది నిర్దిష్టతను తెలుపు ఉపపదము. ఆంగ్లములో ‘ది’ చేయు పనినే అది చేయును. ‘కితాబ్’ అనగా ఏదో ఒక పుస్తకము. ‘అల్ కితాబ్’ అనగా మనమెరిగిన ఆ పుస్తకము. తెలుగులో గాని ఉర్దూలో గాని ఇట్టి ఉపపదము లేదు. అయినను అది మనకు కొత్తది కాదు. ప్రతి ఉదయము తరగతిలో హాజరు పిలుచునపుడు అది మన చెవిని తాకుచునే యున్నది. అబ్దుల్ కరీం అను పేరులోని ‘ఉల్’ ఈ ఉపపదమే. నిజాముద్దీన్ అను పేరులోను ఇదే ఉన్నది. కాని అక్కడ లకారము వినబడదు.

ఇందుకు కారణమును ఉర్దూ విద్యార్థులు చిన్ననాడే చదివియుందురు. అరబ్బీ వర్ణమాలలోని 28 అక్షరములలో 14 ‘షమ్సీ’ అక్షరములు, 14 ‘ఖమరీ’ అక్షరములు. చంద్రునికి పేరైన ‘ఖమర్’ ముందు ‘అల్’ మారదు; అల్ ఖమర్ అనియే పలుకుదుము. సూర్యునికి పేరైన ‘షమ్స్’ ముందు లకారము షకారములో లీనమై ‘అష్షమ్స్’ అగును. వ్రాతలో లకారము నిలిచియుండును. పలుకులో మాత్రము అది పక్క హల్లు రూపమును ధరించును. తెలుగు విద్యార్థులకు ఇది వింతగా తోచనక్కరలేదు. సత్ అను మాట జనుడు అను మాటతో కలిసి సజ్జనుడు కాలేదా? జగత్, నాథుడు కలిసి జగన్నాథుడు కాలేదా? అదే విధముగ అల్, దీన్ కలిసి ‘అద్దీన్’ అయినవి. ‘అల్’ రహమాన్‌తో కలిసి, అబ్దుల్ అనవలసినచోట అబ్దుర్ రహమాన్ అయినది. ఈ సూత్రమును గుర్తుంచుకొన్నచో ముందు రాబోవు కొన్ని మారువేషములను సులభముగ పట్టుకొనవచ్చును.

ఇక అరబ్బీ ఉపపదము ఇంగ్లండు వరకు ఎట్లు ప్రయాణించినది? దానికి ప్రధానమైన దారి స్పెయిన్ దేశము. క్రీ.శ. 711లో ముస్లిం సేనలు ఆ దేశమున ప్రవేశించినవి. 1492లో గ్రెనడా పతనమగువరకు, అనగా దాదాపు ఎనిమిది శతాబ్దములు, ఆ భూమిపై అరబ్బీ భాష ఏదో ఒక మేరకు నిలిచియున్నది. 1085లో టొలీడో నగరము క్రైస్తవరాజుల వశమైనది. అక్కడి అరబ్బీ గ్రంథములు చేతికందుటతో 12వ శతాబ్దమున ఐరోపా నలుమూలలనుండి పండితులు ఆ నగరమునకు వచ్చి వాటిని లాటిన్‌లోనికి అనువదించిరి. వారిలో ఇటలీనుండి వచ్చిన జెరార్డ్ ఆఫ్ క్రెమోనా అగ్రగణ్యుడు. 1187లో మరణించునాటికి అతడు 70కి పైగా గ్రంథములను అనువదించెను. తమ భాషలో సరియైన మాట దొరకని చోట అనువాదకులు అరబ్బీ మాటనే ఉంచివేసిరి. దానితోపాటు దాని ముందున్న ఉపపదమును కూడ ఉంచివేసిరి.

సామాన్యజనుల నోట జరిగినదియు ఇదియే. స్పెయిన్‌లోని రైతు, వర్తకుడు, తాపీపనివాడు అరబ్బీ మాటను విన్నపుడెల్ల ‘అల్’ తోనే వినుచుండెను. మాట ఎక్కడ మొదలగునో తెలియక మొత్తమును ఒకే మాటగా గ్రహించెను. సిసిలీ, ఇటలీ రేవుల మీదుగా పోయిన మాటలకు ఈ తోక, లేక ఈ తల, అంటలేదు. ప్రత్తికి అరబ్బీ పేరు ‘ఖుత్న్’. స్పానిష్‌లో అది ‘అల్గొదోన్’ అయినది; ఇటలీ దారిన నడిచి ఆంగ్లమును చేరినది మాత్రము ‘కాటన్’ అయినది. చక్కెరకు అరబ్బీ పేరు ‘సుక్కర్’. స్పానిష్‌లో అది ‘అసూకర్’, ఆంగ్లములో ‘షుగర్’. స్పానిష్ మాట మొదట నున్న అకారము, ‘అస్సుక్కర్’ అను ఉచ్చారణలోని ఉపపదపు శేషమే.

మన తెలుగునకును అనేక అరబ్బీ మాటలు వచ్చినవి. అవి చాలవరకు పారసీక, ఉర్దూ భాషల ద్వారా వచ్చినవి. ఆ భాషలలో ఉపపదము లేదు గనుక మాటలు ఒంటిగనే మనలను చేరినవి. న్యాయాధికారికి అరబ్బీలో ‘ఖాదీ’ అని పేరు. అది మనకు ‘కాజీ’ అయి వచ్చినది. స్పెయిన్‌లో అదే మాట ‘అల్కాల్దే’ అయి నగరాధ్యక్షునికి పేరైనది. మనము ‘వజీరు’ అని మంత్రిని పిలుచు మాటయే అక్కడ ‘అల్గువాసిల్’ అయి బంట్రోతు స్థాయికి దిగినది. జిల్లా, తాలూకా, వసూలు, తారీఖు మొదలగు మాటలు నిత్యము వాడుచునే యున్నాము. వాటిలో ఒక్కదాని ముందును ‘అల్’ లేదు. ఒకే మాట పడమటికి పోయినపుడు తలపాగాతో పోయెను, తూర్పునకు వచ్చినపుడు తలపాగా తీసి వచ్చెను.

ఇప్పుడు శాస్త్రపదములను పరిశీలింతము. మొదటిది ఆల్జీబ్రా. ఖలీఫా అల్ మామూన్ 813 నుండి 833 వరకు పరిపాలించెను. అతని కాలమున బాగ్దాదులో పనిచేసిన ముహమ్మద్ ఇబ్న్ మూసా అల్ ఖ్వారిజ్మీ ఒక గణిత గ్రంథమును రచించెను. దాని పేరులో ‘అల్ జబ్ర్’, ‘అల్ ముఖాబలా’ అను రెండు మాటలు కలవు. జబ్ర్ అనగా విరిగినదానిని మరల అతుకుట, లోపించినదానిని పూరించుట. ఒక సంఖ్యనుండి 3 తీసివేయగా 7 మిగిలినదనుకొందము. తీసివేసిన 3ను రెండు వైపుల చేర్చినచో లోపము పూరింపబడి ఆ సంఖ్య 10 అని తేలును. ఇదే జబ్ర్. రెండు వైపుల నున్న సమానపదములను ఎదురెదుర నిలిపి కొట్టివేయుట ముఖాబలా. 1145లో రాబర్ట్ ఆఫ్ చెస్టర్ ఈ గ్రంథమును లాటిన్‌లోనికి అనువదించెను. రెండు మాటలలో రెండవది దారిలో జారిపోయినది. మొదటిది శాస్త్రమునకే పేరై నిలిచినది. స్పానిష్‌లో ‘అల్జెబ్రిస్తా’ అనగా విరిగిన ఎముకలను కట్టువాడు అను అర్థము కూడ ఉండెడిది. బీజగణితమునకు భయపడు విద్యార్థి ఈ అర్థమును జ్ఞప్తియందుంచుకొన్నచో, సమీకరణమును సాధించుట యనగా విరిగినదానిని చక్కజేయుట యని గ్రహింపగలడు.

అల్గారిథమ్ అను మాట ఆ పండితుని పేరునుండియే పుట్టినది. ఖ్వారిజ్మ్ అనునది అరల్ సముద్రమునకు దక్షిణముననున్న ప్రాంతము; అల్ ఖ్వారిజ్మీ అనగా ఆ ప్రాంతపువాడు. భారతీయ సంఖ్యామానమును గూర్చి ఆయన రచించిన గ్రంథము లాటిన్ అనువాదములో మాత్రమే మిగిలినది. ఆ పద్ధతిని ఐరోపావారు ఆయన పేరుననే పిలిచిరి. కాలక్రమమున సంఖ్యయను అర్థముగల గ్రీకు మాట ప్రభావముచే మాట చివరి భాగము మారినది. నేడు కంప్యూటరు ముందు కూర్చుండు ప్రతివాని నోటను నానుచున్న ఈ మాటలో మన దేశపు అంకెల కథ కూడ ఇమిడియున్నది.

ఆల్కలీ అనగా క్షారము. ‘అల్ ఖలీ’ అనగా ఉప్పునేలలలో పెరుగు ఒకజాతి మొక్కలను కాల్చగా వచ్చు బూడిద. సబ్బు తయారీకి, గాజు తయారీకి దానిని వాడెడివారు. పొటాషియమునకు ఆంగ్లములో ‘పి’ అక్షరముతో పేరుండగా దాని సంకేతము ‘కె’ ఎందుకైనదని విద్యార్థులు అడుగుచుందురు. ఆ మూలకమునకు లాటిన్‌లో పెట్టిన పేరు ‘కేలియమ్’. అందులోనున్నది ఈ ‘ఖలీ’యే, ఉపపదము మాత్రము రాలిపోయినది.

ఆల్కహాలు కథ మరింత వింతయైనది. ‘అల్ కుహ్ల్’ అనగా కంటికి పెట్టుకొను నల్లని మెత్తని పొడి. మన ఇండ్లలోని సుర్మా వంటిది. ఐరోపా రసవాదులు మొదట ఏ మెత్తని చూర్ణమునకైనను ఈ పేరు పెట్టిరి. తరువాత ఏ పదార్థమునుండియైనను తీసిన శుద్ధసారమును ఇదే పేరుతో పిలిచిరి. 16వ శతాబ్దమున పారాసెల్సస్ అను వైద్యుడు ద్రాక్షసారాయిని బట్టీపట్టగా వచ్చు సారమును ‘ద్రాక్షసారాయి ఆల్కహాలు’ అని వ్యవహరించెను. 18వ శతాబ్దమునాటికి ‘ద్రాక్షసారాయి’ అను విశేషణము తొలగిపోయి మిగిలినది నేటి అర్థమునకు స్థిరపడెను. కంటికాటుక పేరు మత్తుద్రవమునకు చేరుట ఇట్లు జరిగినది. ‘కోల్’ అని కాటుకకు వాడుమాట కూడ ఆంగ్లములో వేరుగ నున్నది. ఒకే మాట రెండు దారుల వచ్చి రెండు మాటలై కూర్చున్నది.

ఆల్కెమీ అనగా రసవాదము. ఉర్దూలో ‘కీమియా’ అనునది ఇదే. ఇందలి ‘అల్’ ను తొలగించిన తరువాత మిగిలినదే కెమిస్ట్రీ. రసవాదులు ద్రవములను బట్టీపట్టు పాత్ర అలెంబిక్. అది ‘అల్ అంబీఖ్’. గదిగోడలో లోనికి చొచ్చిన చోటునకు పేరైన ఆల్కోవ్, గుమ్మటమని అర్థమిచ్చు ‘అల్ ఖుబ్బా’ నుండి వచ్చినది. పశుపోషకులు లూసర్న్ అని పిలుచు మేతకు అల్ఫాల్ఫా అని మరియొక పేరు. అది అరబ్బీలో ‘అల్ ఫిస్ఫిసా’.

భూగోళ పటమును చూడుడు. ఆల్జీరియా పేరు ‘అల్ జజాయిర్’ నుండి పుట్టినది. జజీరా యనగా ద్వీపమని ఉర్దూ చదివినవారెల్ల నెరుగుదురు. గ్రెనడాలోని అల్‌హంబ్రా కోట ‘అల్ హమ్రా’, అనగా ఎర్రనిది. స్పెయిన్‌లో ప్రవహించు గ్వాదల్‌క్వివిర్ నది పేరు పలుకుటకు కష్టము. కాని అది ‘వాదీ అల్ కబీర్’ అని తెలిసిన పిదప కష్టమెక్కడిది? ‘పెద్ద నది’ అని దాని అర్థము.

ఆకాశములోను ఈ ఉపపదము వెలుగుచున్నది. ఆల్డెబరాన్ అను నక్షత్రము మన రోహిణి. ‘అల్ దబరాన్’ అనగా వెనుక నడచునది. కృత్తికల వెంట ఉదయించునది రోహిణియే గదా! ఆల్టెయిర్ మన శ్రవణా నక్షత్రములోని ప్రధాన తార. ఎగురునది యని దాని అర్థము, ఎగురుచున్న గద్ద యని అరబ్బుల ఊహ. ఈ రెంటిలోను అరబ్బీ పలుకులో లకారము వినబడరాదు. దకారము, తకారము షమ్సీ అక్షరములు. అయినను ఐరోపావారి పేర్లలో లకారము నిలిచినది. ఇవి చెవినిబట్టి గాక వ్రాతనుబట్టి చేరిన పేర్లనుటకు ఇదియే గుర్తు.

మారువేషములో తిరుగునవి మరికొన్ని కలవు. దిక్కును కొలుచు కోణమునకు పేరైన అజిముత్ ‘అస్సుమూత్’ నుండి వచ్చినది. ఉర్దూలో ‘సమ్త్’ అనగా దిక్కు. ఎలిక్సిర్ ‘అల్ ఇక్సీర్’. మనవారు తిరుగులేని మందును ‘అక్సీర్’ అందురు. తీగవాద్యమైన ల్యూట్ ‘అల్ ఊద్’. ఇందు అకారము పోయి లకారము మాటకు తలయై కూర్చున్నది. ఊద్ అనగా కొయ్య, సుగంధపు కొయ్య. మనము వెలిగించు ఊదువత్తిలోని ‘ఊదు’ కూడ ఆ మాటయే. అడ్మిరల్ అను మాటలో ఉపపదము తలను విడిచి తోకను చేరినది. సముద్రసేనాపతి యని అర్థమిచ్చు ‘అమీర్ అల్ బహ్ర్’ వంటి బిరుదులలోని మొదటి రెండు మాటలే అక్కడ మిగిలినవి. నడుమనున్న ‘డి’ లాటిన్ మాటల పోలికచేత వచ్చి చేరినది.

ఇంతవరకు చదివిన విద్యార్థికి ‘ఏ, ఎల్’ తో మొదలగు ప్రతి మాటయు అరబ్బీయేనను ఉత్సాహము కలుగవచ్చును. ఇక్కడనే ఆగవలెను. ఆల్ఫబెట్ గ్రీకు వర్ణమాలలోని మొదటి రెండక్షరముల పేర్ల కలయిక. ఆల్బమ్ లాటిన్ మాట, తెల్లనిదని అర్థము. ఏలియన్, ఆలిబీ, ఆల్టిట్యూడ్ – ఇవన్నియు లాటిన్ సంతతి. ఆల్సో, ఆల్వేస్, ఆల్మోస్ట్ అనువాటిలో నున్నది ఆంగ్లపు ‘ఆల్’. సమస్తమని దాని అర్థము. అలారమ్ ఇటలీ మాట. ‘ఆయుధములు పట్టుడు’ అను కేక అది. అలిగేటర్ కథ మరింత వినోదకరము. అందును ఉపపదమే ఉన్నది. కాని అది అరబ్బీ ఉపపదము కాదు, స్పానిష్ ‘ఎల్’. ‘ఎల్ లగార్తో’ అనగా బల్లి. బాదముపప్పునకు ఆంగ్లమైన ఆమండ్ గ్రీకునుండి లాటిన్ ద్వారా వచ్చినది. మూలములో లకారము లేదు. ఇతర మాటల ముందున్న ‘అల్’ ను చూచి దానికిని ఒకటి తగిలించినారని నిఘంటుకారుల అభిప్రాయము. పంచాంగమునకు పేరైన ఆల్మనాక్ విషయము ఇంకను తెగలేదు. రోజర్ బేకన్ 1267లోనే దానిని వాడెను. రూపము అరబ్బీ వలె ఉన్నది. కాని దాని మూలమును గూర్చి పండితులలో ఏకాభిప్రాయము లేదు.

మన వాడుకలోను ఇట్టి పోలికలు మోసగించును. జబ్ర్ అను మాట తెలిసినవాడు జబర్దస్తు కూడ దానినుండియే పుట్టినదనుకొనవచ్చును. కాని అది పారసీకపు ‘జబర్ దస్త్’. పైచేయి యని అర్థము. అలీఘర్ పేరులోని మొదటి రెండక్షరములు ‘అలీ’ అను నామములోనివే కాని ఉపపదము కావు. అక్షరములు ఒకటైనంత మాత్రమున వంశము ఒకటి కాదు.

కనుక విద్యార్థులు నాలుగు ప్రశ్నలు వేసికొనుట మేలు. ‘అల్’ తీసివేయగా మిగిలిన దానికి అరబ్బీలో అర్థమున్నదా? ఆ అర్థము నేటి అర్థమునకు ఏ మెట్లమీదుగా చేరినది? మాట స్పెయిన్ దారిననో లాటిన్ అనువాదముల దారిననో వచ్చినట్లు సాక్ష్యమున్నదా? ప్రామాణికమైన నిఘంటువు ఏమనుచున్నది? ఈ నాలుగింటికి సమాధానము దొరకని మాటను మనదని చెప్పుకొనుట విద్యకు తగదు.

‘మనది’ అను మాటయే ఇక్కడ విచారింపదగినది. ఆల్కెమీలోని కీమియాను అరబ్బులు గ్రీకులనుండి గ్రహించిరి. అంబీఖ్ కూడ గ్రీకు మాటయే. ఫిస్ఫిసాకు మూలము గుర్రపుమేత యని అర్థమిచ్చు పారసీక పదము. దానిలోని ‘అస్ప’ మన సంస్కృత ‘అశ్వ’మునకు తోబుట్టువు. సుక్కర్ మన ‘శర్కర’ నుండియే పోయినది. ఏప్రికాట్ పండు పేరు లాటిన్‌లో పుట్టి, గ్రీకు మీదుగా అరబ్బీలో ‘అల్ బర్ఖూఖ్’ అయి, స్పెయిన్ మీదుగా ఐరోపాకు మరలివచ్చినది. అరబ్బులు తీసికొనుటకు సిగ్గుపడలేదు, ఇచ్చుటకు వెనుదీయలేదు. తీసికొన్నదానికి తమ ‘అల్’ తగిలించి, మెరుగుపెట్టి, ముందువారికి అందించిరి. వారి ఘనత అందులోనే ఉన్నది. ఈ మాటలను చూచి మనము గర్వపడదలచినచో ఆ గుణమును గూర్చి గర్వపడవలెను, దానిని అలవరచుకొనవలెను.

ఉర్దూ, తెలుగు రెండును వినబడు కళాశాలలో చదువుట ఈ విషయమున ఒక అదృష్టము. అరబ్బీ మూలమును ఉర్దూ విద్యార్థి గుర్తించును. సంస్కృత మూలమును, సంధిసూత్రమును తెలుగు విద్యార్థి గుర్తించును. ఇద్దరును ఒక బల్లవద్ద కూర్చున్నచో ఆంగ్ల నిఘంటువులోని సగము చీకటి తొలగిపోవును. కళాశాల కమిటీవారికి మా విన్నపమొక్కటి. పదముల పుట్టుకను తెలుపు పెద్ద ఆంగ్ల నిఘంటువు నొకదానిని, దాని ప్రక్కన ఉర్దూ, తెలుగు నిఘంటువులను గ్రంథాలయములో బీరువాలో గాక బల్లపై అందరికి అందునట్లు ఉంచవలెను. వ్యయము స్వల్పము; ఫలితము అధికము. విద్యార్థులు వారమునకు ఒక్కొక్క మాటను తీసికొని దాని దారిని వెదకినను, సంవత్సరాంతమునకు ఏబది మాటలు వారికి పరాయివి కాకపోవును.